కుండనీటి చల్లదనము - ఎంట్రోపీ

వేసవిలో కుండనీటి చల్లదనము నెరుగనివారు మన జలదంకి ప్రాంతమున లేరు. ఐనను అందొక చిక్కుప్రశ్న యున్నది. వేడిమి తనంతట తాను వేడివస్తువునుండి చల్లనివస్తువునకే పోవును గదా! అట్లయిన, కుండలోని నీరు చుట్టునున్న గాలికంటె చల్లబడు టెట్లు? దీనిని మేమిచ్చట వివరింప బూనుచున్నాము.

కుండగోడయందలి సన్నని రంధ్రములగుండ నీరు పైకూరి ఆవిరియగును. రంగు పూసి రంధ్రములు మూసిన కుండయం దీ చల్లదనము రాదు. సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు 580 కేలరీల వేడిమి కావలెను. దీనిని గుప్తోష్ణ మందురు. ఇందు హెచ్చుభాగము కుండనుండియు, లోని నీటినుండియు వచ్చును. 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లార్చుటకు ఇంత వేడిమి తీసివేసిన చాలును. శక్తి నశింపలేదు, చోటు మాత్రము మారినది. ఇది ఉష్ణగతిశాస్త్రముయొక్క మొదటి నియమము.

కాని అంత వేడిమిని గ్రహించి నీరేల ఆవిరి కావలెను? ఇందులకు రెండవ నియమము సమాధానము చెప్పును. 1865లో క్లాసియస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒక రాశికి ఎంట్రోపీ యని పేరిడెను. అణువు లమరియుండుటకు గల విధము లెంత హెచ్చో, ఎంట్రోపీ యంత హెచ్చని తరువాత బోల్ట్‌జ్మన్ తెలిపెను. నీటియం దణువులు దగ్గరగా నంటియుండును. ఆవిరియందు విరివిగా సంచరించును. తనంతట జరుగు ప్రతి మార్పునందును వస్తువుయొక్కయు పరిసరములయొక్కయు మొత్తపు ఎంట్రోపీ పెరుగును. కుండ చల్లబడుటవలన తగ్గిన ఎంట్రోపీకంటె, ఆవిరి వ్యాపించుటవలన పెరిగినది హెచ్చు. కావుననే కుండ చల్లబడుచున్నది.

ఉదయగిరి కొండలవైపునుండి పొడి పడమటిగాలి వీచునపుడు కుండనీరు మిక్కిలి చల్లనగును. తూర్పునుండి సముద్రపు తేమగాలి వీచునపుడు అంత చల్లబడదు. గాలిలో ఆవిరి హెచ్చినకొలది క్రొత్త ఆవిరి వ్యాపించుటవలన కలుగు ఎంట్రోపీ లాభము తగ్గును. గాలి ఆవిరితో నిండినపుడు ఆరుట నిలిచిపోవును.

మన దేహమును ఇట్టిదే. తీవ్రమైన వేడిలో చెమట ఆరినగాని దేహపు వేడిమి బయటికి పోదు. ఉక్కనాడు చెమట కారునుగాని ఆరదు. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకము 35 డిగ్రీలు చూపినచో, ఆరోగ్యవంతుడు నీడనున్నను కొన్ని గంటలకు మించి తాళజాలడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అంతకు తక్కువయందే అపాయము కలుగునని తరువాతి పరిశోధనలు చూపినవి. కావున, ఎండ మందముగ నున్నదని తలచి ఉక్కనాటి మధ్యాహ్నమున పొలములో కూలివారిని పనికి నిలుపరాదు. అట్టి దినములలో త్రాగునీరు మాత్రమే చాలదు. నీడయు, గాలియు, విశ్రాంతియు తప్పక కావలెను.