జ్వరము తగ్గిన తరువాత సూది ఎందుకు?



గత మాసమున మన నాలుగవ తరగతి బాలుడొకడు డెంగీ జ్వరము వలన రెండు వారములు బడికి రాలేదు. వచ్చిన దినమున చొక్కాచేతిని పైకి మడిచి, "టీచరుగారూ, జ్వరము తగ్గిపోయినది. అయినను క్లినిక్కులో ప్రతి దినము రక్తము తీసినారు. ఎందుకు?" అని అడిగెను. తరగతిలో సగమే చెప్పగలిగితిని. మిగిలినది ఇచ్చట వ్రాయుచున్నాను.

రక్తమును చూచి జ్వరమును గుర్తించుట మన మలేసియా తోటలకు క్రొత్త కాదు. మా తాతగారు రబ్బరు తోటలో పనిచేసిన కాలమున చలిజ్వరము, అనగా మలేరియా, ఇంటింట ఉండెడిది. డ్రెస్సరు వ్రేలికొన నుండి ఒక బొట్టు రక్తము తీసి గాజుపలకపై పూసి పరీక్షకు పంపెడివాడట. దానికి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో ఎర్ర కణముల లోపల ఉంగరము వంటి క్రిమి కనబడును. కనబడినచో చేదు క్వినైను మ్రింగవలసినదే! ఆ క్రిమి దోమ కడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది తెలుగు సీమలోని సికింద్రాబాదులోనే. ఆ తరువాత 1901లో మన క్లాంగ్ పట్టణమున డాక్టరు మాల్కం వాట్సన్ చిత్తడి నేలల నీటిని కాలువల ద్వారా తొలగించి మలేరియాను అణచెను.

డెంగీ కథ వేరు. దీనిని కలిగించు వైరస్ అట్టి సూక్ష్మదర్శినికి కనబడదు. కావున మొదటి దినములలో ఆ వైరస్ విడుచు ఎన్‌ఎస్1 అను మాంసకృత్తు రక్తములో ఉన్నదా అని వెదకుదురు. వైరస్‌ను చంపు మందు మాత్రము లేదు. మందే లేనపుడు ప్రతి దినము పరీక్ష దేనికి?

పొయ్యిపై పులుసు మరుగుట చూచినారు కదా. నీరు తగ్గిన కొలది పులుసు చిక్కబడును. డెంగీలో సన్నని రక్తనాళముల గోడల గుండా రక్తములోని నీటిభాగము బయటికి ఊరిపోవచ్చును. అప్పుడు మిగిలిన రక్తము చిక్కబడును. నూరు పాళ్ల రక్తములో ఎర్ర కణములు ఎన్ని పాళ్లో తెలుపు లెక్కకు హెమటోక్రిట్ అని పేరు. నిన్న 36 ఉన్నది నేడు 44 అయినచో నీరు ఊరిపోవుచున్నదని వైద్యునికి అర్థమగును. తల్లిదండ్రులు ప్లేట్‌లెట్ల సంఖ్యను మాత్రమే అడిగి భయపడుదురు. వైద్యులు ఈ రెండింటిని కలిపి చూతురు. నిన్నటి లెక్క లేనిదే నేటి లెక్కకు అర్థము తక్కువ.

ఈ ఊరుట తరచుగా మూడవ దినము మొదలు ఏడవ దినము లోపల, సరిగా జ్వరము దిగు వేళనే జరుగును. ఇరువది ఏండ్ల క్రిందట మా అక్క కుమారునికి అయిదవ దినమున ఒళ్లు చల్లబడినది. మా అమ్మ దేవునికి దీపము పెట్టినది. ఇక క్లినిక్కుకు పోనక్కరలేదని అందరము అంటిమి, నేనును అంటిని. సాయంత్రమునకు వాడు కడుపునొప్పితో ముడుచుకొని పండుకొనెను, పలుమార్లు వాంతి చేసికొనెను. ఆసుపత్రిలో నర్సు మొదట వాని గోటిని నొక్కి విడిచినది. తెల్లబడిన గోరు రెండు సెకనులలో తిరిగి ఎర్రబారవలెను. వానికి చాల సేపు పట్టినది. వెంటనే నరములోనికి సెలైను ఎక్కించినారు. అదియు కొలత ప్రకారమే. ఏలయనగా, ఊరిపోయిన నీరు ఒకటి రెండు దినములలో తిరిగి రక్తములోనికి వచ్చును. అప్పుడు సెలైను అధికమైనచో ఊపిరి ఆడదు. ఆ కొలతను చెప్పునది రక్తపరీక్షయే. మూడవ దినమున వాడు లేచి కూర్చుండి ఇడ్లీ అడిగెను.

ఇంటనున్న రోగికి నీరు, గంజి, పండ్లరసము మాటిమాటికి ఇయ్యవలెను. జ్వరమునకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి ఇయ్యరాదు. అవి రక్తస్రావమును పెంచును. బొప్పాయి ఆకు రసమా? మా యింటను పిండినారు. దానిని నమ్మి పరీక్ష మానిన యిండ్లను గూర్చియే నాకు దిగులు.

ఆ బాలుడు తన చేతిపై ఏడు సూదిగుర్తులను లెక్కించి చూపెను. చివరిది నొప్పి పుట్టలేదట. ఆ దినముననే నర్సు చీటీ చూచి, "రేపు రానక్కరలేదు" అన్నదట.