వాగు పొంగకముందే దారి వెతుక్కోవాలి

ఇబ్రహీంపట్నం: రోడ్డు తెగిన తర్వాత జరిగే పని అందరికీ కనిపిస్తుంది. జేసీబీలు వస్తాయి, మొరం లారీలు వస్తాయి, అధికార్లు, నాయకులు వచ్చి చూసి వెళతారు. రోడ్డు తెగకముందు చేయవలసిన పని మరొకటి వుంది. అది ఎవరి కంటా పడదు. ఏ చెరువు నిండితే ఏ వాగు పొంగుతుంది, అప్పుడు ఏ ఊరికి దారి మూసుకుపోతుంది, ఆ ఊరి బస్సును ఎటు తిప్పాలి, పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషిని ఏ దారిన ఆసుపత్రికి చేర్చాలి - వీటన్నిటికీ వాన రాకముందే జవాబు రాసి పెట్టుకోవడమే ఆ పని. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు విపత్తు నిర్వహణ ప్రణాళిక.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. తుర్కయంజాల్, బొంగుళూరు గేటు మీదుగా నగరానికి పోవాలన్నా, యాచారం, మాల్ మీదుగా కొండమల్లేపల్లి వైపు పోవాలన్నా నాగార్జునసాగర్ రోడ్డే ఆధారం. చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు చిన్న రోడ్ల మీదుగా వచ్చి ఈ రోడ్డెక్కాలి. కూరగాయలైనా, పాలక్యాన్లయినా, కాలేజీ పిల్లలైనా, డయాలసిస్‌కు పోయే రోగి అయినా ఇదే దారి. ఊరికీ మెయిన్ రోడ్డుకూ మధ్య వున్న ఒక్క కల్వర్టు కొట్టుకుపోతే చాలు, ఆ ఊరు ఆ పూటకు దీవి అయిపోతుంది.

ఒకే రాత్రి రెండు హైవేలు

చిన్న రోడ్ల సంగతి అలా వుంచండి. పెద్ద రోడ్లు కూడా ఎలా తెగిపోతాయో 2020 అక్టోబరు 13 రాత్రి మన జిల్లా కళ్ళారా చూసింది. ఆ రోజు హయత్‌నగర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్ల దాకా వాన కురిసింది. శంషాబాదు దారిలో గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువుకు గండి పడి, ఆ నీరు బెంగుళూరు జాతీయ రహదారి మీదికి దూకింది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అదే వానకు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇనాంగూడ వద్ద విజయవాడ రహదారి నీట మునిగింది. రెండు వైపులా వాహనాలు బారులు తీరాయి.

ఆ రెండు చోట్లా రోడ్డు నాణ్యమైనదే. లోపం ఎక్కడంటే, పైనున్న చెరువు సంగతి కింద రోడ్డు మీద పోయేవాడికి తెలియదు. నీళ్ళు తన బండి చక్రాలను తాకేదాకా అతనికి ఏ కబురూ లేదు.

కట్ట తెగిన కబురు రైలుకు అందలేదు

ఇంతకంటే ఘోరం పొరుగునే జరిగింది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా పాసింజరు వలిగొండ - రామన్నపేట మధ్య పడిపోయింది. ఎగువన చెరువు తెగి, ఆ వరద చిన్న రైలు వంతెనను కోసుకుపోయింది. వంతెన లేదని తెలియక రైలు వచ్చింది. వందమందికి పైగా చనిపోయారు.

అంతకు ముందు 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల - మహబూబ్‌నగర్ మధ్య కూడా ఇలాగే వరదకు వంతెన పోయి రైలు కూలింది. అప్పుడు రైల్వే మంత్రిగా వున్న లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు ప్రమాదం జరిగిన తర్వాత శాస్త్రి రాజీనామా ఆమోదం పొందింది.

రైల్వేలో ఒక మంచి పద్ధతి వుంది. తెగితే రైలుకట్టకు ముప్పు తెచ్చే చెరువుల పేర్లు వాళ్ళు జాబితాగా పెట్టుకుంటారు. వర్షాకాలానికి ముందు రాష్ట్ర నీటిపారుదల అధికార్లతో కలిసి వాటిని తనిఖీ చేస్తారు. వానలప్పుడు ప్రమాదం వున్న చోట్ల కాపలా మనిషిని నిలబెడతారు. జాబితా వుంటేనే సరిపోదు, అర్ధరాత్రి కబురు కూడా అందాలని వలిగొండ నేర్పింది. అయినా జాబితా అంటూ వుండడం మొదటి మెట్టు. మన ఊళ్ళ రోడ్లకు కూడా అలాంటి జాబితా కావాలి.

ఈ ఉద్యోగంలో చేసే పనేమిటి?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ వుంటుంది. దానికి కలెక్టరు అధ్యక్షులు, జిల్లా పరిషత్తు అధ్యక్షులు సహాధ్యక్షులు. మన జిల్లా కలెక్టరేటు 2022 ఆగస్టు 25 నుంచి ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్‌లోనే వుంది. అంటే జిల్లా మొత్తానికి ఆపద లెక్కలు వేసే ఆఫీసు మన ముంగిట్లోనే వున్నట్లు.

ఈ పనిలో వుండే ఉద్యోగి వానాకాలం కంటే ఎండాకాలంలోనే ఎక్కువ కష్టపడాలి. ఆయన తయారు చేయవలసినవి ముఖ్యంగా ఐదు జాబితాలు.

మొదటిది, రోడ్డు మీద నీరు పారే చోట్లు. ఏ కాజ్‌వే, ఏ కల్వర్టు, ఏ లోలెవల్ వంతెన, దానికి ఎగువన ఏ చెరువు అనేది కూడా పక్కనే రాసుకోవాలి. రెండవది, మారు దారులు. ఆ దారిలోని కల్వర్టులు ఎంత బరువు మోస్తాయి, బస్సు మలుపు తిరుగుతుందా లేదా అన్నది చూడాలి. మూడవది, వాహనాలు, యంత్రాలు. జేసీబీ ఎవరి దగ్గర వుంది, ట్రాక్టర్లు ఎన్ని, ఇసుక బస్తాలు ఎక్కడ వున్నాయి, వాటికి డీజిలు ఎక్కడిది అన్నది తేల్చాలి. నాలుగవది, ఆగలేని మనుషులు. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ రోగులు ఇందులోకి వస్తారు. గోదావరి ఒడ్డు ఏజెన్సీ మండలాల్లో ప్రసవం దగ్గరపడిన వారిని వరదకు ముందే ఆసుపత్రికి తరలించే పద్ధతి వుంది. ఐదవది, ఎవరు ఎవరికి ఫోను చేయాలన్న వరస.

ఈ ఐదింటిలో చివరిదే చాలాసార్లు తెగిపోతుంది. ఎందుకంటే చెరువు నీటిపారుదల శాఖది, పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీరింగు వారిది, బస్సు ఆర్టీసీది, ట్రాఫిక్ పోలీసులది. నీళ్ళకు ఈ శాఖల హద్దులు లేవు. వీళ్ళందరినీ వానకు ముందే ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, ఎవరి పని ఏమిటో తేల్చడమే ఈ ఉద్యోగంలో అసలు పని.

చట్టం ఇచ్చిన అధికారాలు కూడా తక్కువవేమీ కావు. ప్రమాదం వున్న చోట రాకపోకలను ఆపించే అధికారం జిల్లా సంస్థకు వుంది. రక్షణ పనులకు అవసరమైతే ప్రయివేటు వాహనాలను కూడా స్వాధీనం చేసుకోవచ్చు. అయితే అది ఉచితం కాదు. స్థానికంగా నడుస్తున్న కిరాయి రేట్ల ప్రకారం యజమానికి పరిహారం చెల్లించాలని 66వ సెక్షను చెబుతున్నది. ట్రాక్టరు, జేసీబీ వున్న రైతులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

దారి మళ్ళించడం అంత తేలిక కాదు

రోడ్డు తెగితే వేరే దారిలో పొమ్మంటే సరిపోతుందని అనిపిస్తుంది. 2024 సెప్టెంబరు 1న అలా సరిపోలేదు. ఆనాటి వానకు కోదాడ, నందిగామ మధ్య విజయవాడ రహదారి వరదలో చిక్కింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం - ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి రైళ్ళు నిలిచాయి. పట్టాలు బాగు చేసి రైళ్ళు కదిలించడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. అప్పుడు వాహనాలను నార్కట్‌పల్లి నుంచే మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరు మీదుగా మళ్ళించారు. నీళ్ళున్నది కోదాడ దాటిన తర్వాత. లారీని తిప్పవలసింది మాత్రం ఎంతో ముందు, నార్కట్‌పల్లిలో. కోదాడ దాకా వచ్చిన లారీ వెనక్కి తిరగలేదు, ముందుకు పోలేదు. వెనక వచ్చే అంబులెన్సుకు కూడా అడ్డం పడుతుంది.

2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు కూడా హైవే, రైలుమార్గం రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి. రోడ్డు పోతే రైలు వుందిలే అనుకోవడానికి వీల్లేదని రెండేళ్ళు వరసగా తేలింది.

ఇందులో ఇబ్రహీంపట్నానికి సంబంధించిన సంగతి ఒకటి వుంది. విజయవాడ రోడ్డు మూసుకుపోతే గుంటూరు పోవలసిన వారికి మన సాగర్ రోడ్డు, మాచర్ల మీదుగా ఒక మారు దారి. అంటే ఎక్కడో మున్నేరు పొంగితే ఆ బరువు యాచారం, మాల్ అంగళ్ళ మధ్య పడవచ్చు. ఆ రోజు మన పిల్లలు రోడ్డు ఎలా దాటాలి, మన బస్సు ఎక్కడ ఆగాలి అన్నది కూడా ప్రణాళికలో వుండాలి.

ఆపద నీళ్ళతోనే రాదు

దారి బాగానే వుండి బండ్లు ఆగిన రోజులు కూడా వున్నాయి. 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె అక్టోబరు 5న మొదలై నవంబరు 25 దాకా సాగింది. తాత్కాలిక డ్రయివర్లతో, అద్దె బస్సులతో కొంత నడిపినా చాలలేదు. బడులకు దసరా సెలవులు పొడిగించవలసి వచ్చింది. ఇబ్రహీంపట్నంలో డిపో వున్నా, ఊళ్ళకు బస్సు లేక జనం ఆటోలు పట్టుకుని పోయారు. 2024 జనవరి 2న ట్యాంకరు డ్రయివర్ల ఆందోళనతో హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు జనం బారులు కట్టారు. అలాంటి రోజు వున్న కొద్ది డీజిలు ముందు ఎవరికి పోయాలి? అంబులెన్సుకా, పాల బండికా, ఆర్టీసీ బస్సుకా? ఈ వరస ముందే రాసి లేకపోతే ముందు వచ్చినవాడే పోయించుకుపోతాడు.

ఇప్పుడు కట్ట మీద ఎవరున్నారు?

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఎక్కడో శాబాదు వైపు చందనవెల్లి దగ్గర ఈసీ వాగు నుంచి ఫిరంగి కాలువ ద్వారా దీనికి నీరు తెచ్చే ఏర్పాటు తర్వాత నిజాం కాలంలో చేశారు. మనవన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. కింది చెరువు మత్తడి దూకితే రోడ్డు మీద నీళ్ళు. ఏ చెరువు తర్వాత ఎన్ని గంటలకు ఏ వాగు వస్తుందో ఊళ్ళో పెద్దవాళ్ళు నోటిలెక్కగా చెప్పగలరు.

ఒకప్పుడు రాత్రివేళ కట్ట మీద నీరటి తిరిగేవాడు. బుంగ పడితే మొదట చూసేవాడు అతనే. ఆ పని చేసిన వారి కుటుంబాలు తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుల వ్యవస్థలోకి వచ్చాయి. 2023లో ఆ సహాయకులను వేరే శాఖల్లో సర్దుబాటు చేశారు. వాళ్ళకు ఉద్యోగం స్థిరపడింది, సంతోషమే. కాని వాన కురిసే అర్ధరాత్రి మా ఊరి కట్ట మీద ఎవరున్నారు, వాళ్ళ దగ్గర ఎవరి ఫోను నెంబరు వుంది అని ప్రతి ఊరూ అడగవలసిన ప్రశ్న మిగిలింది.

చట్టంలో ఒక మాట వుంది. జిల్లా ప్రణాళికను స్థానిక సంస్థలను సంప్రదించి తయారు చేయాలి, ఏటా సరిచూసి కొత్తది చేయాలి. అంటే పంచాయతీ అడగడం దయ కోరడం కాదు. మే నెలలో గ్రామసభ ఒక పూట కూర్చుని ఒక కాగితం రాయవచ్చు. ఊరి రోడ్డు మీద నీరు పారే చోట్లు, వాటి పై చెరువులు, మారు దారి, ట్రాక్టర్ల యజమానులు, నెలలు నిండబోయే గర్భిణులు, రాత్రి కట్ట చూసే ఇద్దరి పేర్లు అందులో వుండాలి. ఒక ప్రతి తహసీలుదారుకు, ఒకటి పోలీసు స్టేషనుకు, ఒకటి ఆర్టీసీ డిపోకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఊరి నోటిలెక్క అప్పుడు ప్రభుత్వ లెక్క అవుతుంది.

దానితో పాటు ప్రతి కాజ్‌వే దగ్గర అడుగుల గీతలు గీసిన ఒక రాయి పాతించమని అడగాలి. జానెడు లోతు కంటే తక్కువ నీరైనా వడి వుంటే పెద్ద మనిషిని పడగొడుతుంది. అడుగు నీటికి చిన్న కారు తేలుతుంది. రెండడుగుల నీరు పారుతుంటే జీపుల వంటి పెద్ద బండ్లు కూడా నిలవవు. వరదలో రోడ్డు పైకి కనిపించకుండా కింద కోసుకుపోయి వుండవచ్చు. నిన్న దాటిన దారి ఈ రోజు వుందని నమ్మకూడదు. రాయి మీద ఎర్ర గీత దాటితే బారికేడు పెట్టాలి. అది అందేలోగా ముళ్ళకంప అయినా అడ్డం వేసి, ఇద్దరు మనుషులు టార్చిలైట్లతో రెండు వైపులా నిలబడాలి.

కబురు చెప్పడానికి జిల్లా విపత్తు కంట్రోలు గదులకు దేశమంతటా కేటాయించిన నెంబరు 1077. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద చిక్కుకుంటే 1033, రైలు సంగతులకు 139. రైలుకట్ట వైపు నీరు పోతున్నట్లు కనిపిస్తే పొలం దగ్గర వున్నవారు దగ్గరి స్టేషనుకు వెంటనే తెలపాలి. వీటిని పంచాయతీ గోడ మీద, బడి గోడ మీద, పాల కేంద్రం దగ్గర రంగుతో రాయించడానికి పెద్ద ఖర్చు కాదు.

కట్ట మీద నీరు చూసినవాడి కబురు, రోడ్డు మీద బండి నడిపేవాడికి ఎంత సేపట్లో అందుతుంది? జిల్లా ప్రణాళిక మంచిదా కాదా అని తేల్చేది ఈ లెక్కే. జూన్ వానలకు ముందు ఒకసారి రాత్రిపూట ఫోను చేసి చూస్తే ఆ లెక్క తేలిపోతుంది.