ద్వీపయాత్రకు ముందు దేహమును విచారించండి

శీతాకాలం రాగానే పంజాగుట్టలోని నా వైద్యశాలకు అండమాన్ ప్రయాణం పెట్టుకున్నవారు వస్తుంటారు. టిక్కెట్లు, బస, పడవలు అన్నీ సిద్ధమే. దేహాన్ని సిద్ధం చేసుకున్నవారు మాత్రం అరుదు.

ఆయుర్వేదం దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పినది. నీరు, చెట్లు, తేమ అధికంగా గల ఆనూపదేశంలో కఫవాతాలు ప్రబలుతాయి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అండమాన్‌లో సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. అక్కడి తేమలో చెమట ఆరదు. అలసట త్వరగా కలుగుతుంది. వానలు తగ్గిన జనవరి నుండి ఏప్రిల్ వరకు ప్రయాణానికి అనుకూలం.

కొన్నేళ్ల క్రితం అమీర్‌పేట నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగికి, అక్కడి చెమటకు విరుగుడుగా రోజూ నాలుగుసార్లు ఉప్పు మజ్జిగ తాగమన్నాను. గుండెకు మందులు వాడుతున్నారా అని అడగలేదు. తిరిగి వచ్చేసరికి పాదాలు వాచి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరారు. దైవవశాత్తు కోలుకున్నారు. తప్పు మజ్జిగది కాదు, నాది. దేశాన్ని చూచి రోగిని చూడలేదు. నాటి నుండి వాడుతున్న మందులేమిటో తెలుసుకోకుండా ఎవరికీ చిట్కా చెప్పడం లేదు.

శ్రీ విజయపురం (2024కు పూర్వం పోర్ట్ బ్లెయిర్) నుండి స్వరాజ్ ద్వీపానికి పడవలో వెళ్లేవారు అరగంట ముందు అర చెంచా శొంఠిపొడిని బెల్లంతో తీసుకుంటే వికారం తగ్గుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడిగి తీసుకోవాలి. పడవ మధ్యభాగంలో కూర్చుని, దూరపు దిగంతాన్ని చూడటం మేలు.

విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. ఇది రోగానికి మందే గాని నిత్యపానీయం కాదు. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు వైద్యుని సలహా లేకుండా తాగరాదు. రక్తపోటు, మధుమేహం మాత్రలను ప్రయాణంలో ఒక్కరోజైనా మానరాదు. వాటిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

దోమతెర, పొడుగు చేతుల చొక్కా మరువకండి. తిరిగి వచ్చాక జ్వరం వస్తే నేలవేము కషాయంతో కాలయాపన చేయక, ద్వీపానికి వెళ్లివచ్చామని వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. కషాయం తరువాతనైనా తాగవచ్చు. మలేరియా మాత్రం ఆగదు.