గ్రాము పొడిలో 70 సెంట్ల స్థలం!

బీటెక్‌లో ‘అడ్సార్ప్షన్’ చాప్టర్‌ని నేను ఛాయిస్‌లో వదిలేశాను. ఘన పదార్థం ఉపరితలానికి వాయువు అంటుకోవడం, అంతేగా అనుకున్నా. 2025 కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక ఆ పుస్తకం మళ్లీ తీయాల్సి వచ్చింది.

సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు ఆ బహుమతి తెచ్చినవి మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు. పొట్టిగా మోఫ్‌లు. లోహ అయాన్లు కూడళ్లు, కర్బన అణువులు వాటిని కలిపే కడ్డీలు అనుకోండి. మధ్యలో అన్నీ ఖాళీ గదులే. యాగీ బృందం 1999లో ప్రకటించిన మోఫ్-5లో ఉండేది జింక్, టెరెఫ్తాలిక్ ఆమ్లం. ఈ ఆమ్లం వాటర్ బాటిళ్ల ప్లాస్టిక్‌కి వాడేదే. ఒక్క గ్రాములో సుమారు 2,900 చదరపు మీటర్ల ఉపరితలం. మన లెక్కలో 70 సెంట్ల పైమాటే!

మరి ఫ్యాక్టరీలు ఎగబడి కొనాలిగా? అక్కడే చిక్కు. మోఫ్-5 గాలిలో తేమకే దెబ్బతింటుంది. తేమ లేని ఫ్యాక్టరీ పొగ ఎక్కడ దొరుకుతుంది? పైగా ల్యాబ్‌లో చాలా మోఫ్‌లను డీఎంఎఫ్ లాంటి హానికర సాల్వెంట్లలో గంటల తరబడి వేడిచేసి తీస్తారు. గ్రాముకైతే సరే. టన్ను కావాలంటే ఆ సాల్వెంట్‌ని తిరిగి రాబట్టాలి, సరుకు కడగాలి, ఆరబెట్టాలి. చివరికి చేతికొచ్చేది మెత్తటి పొడి. దాన్ని అలాగే కాలమ్‌లో నింపితే గ్యాస్ సరిగా కదలదు. గుళికలుగా నొక్కితే రంధ్రాలు నలిగిపోవచ్చు.

ఈ గండాలు దాటినవాటిలో ముఖ్యమైనది కాల్ఫ్-20. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో జార్జ్ షిమిజు బృందం తయారుచేసింది. ఉపరితలంలో మోఫ్-5 కన్నా చాలా తక్కువ. కానీ ఆవిరికి, తడి ఆమ్ల వాయువులకు తట్టుకుంటుంది. పొగలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని పట్టుకుని, ఆవిరి పంపితే వదిలేస్తుంది. స్వాంటే కంపెనీ దీంతో ఫిల్టర్లు చేస్తోంది. దానికోసం ఏడాదికి కొన్ని వందల టన్నుల స్థాయిలో ఈ మోఫ్ తయారుచేస్తున్నట్టు బీఏఎస్ఎఫ్ 2023లో ప్రకటించింది.

కాబట్టి ఇది కెమిస్ట్రీవాళ్ల గొడవేలే అని వదిలేయకండి. పైన చెప్పిన చిక్కుల్లో సగం కెమికల్ ఇంజినీర్లవే. వేల నిర్మాణాల్లోంచి పనికొచ్చేది కంప్యూటర్‌లో ఏరాలంటే పైథాన్ వచ్చినవాళ్లు కావాలి. ఎమ్మెస్సీకి జామ్, ఎంటెక్‌కి గేట్, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి సీఎస్‌ఐఆర్ నెట్ దారులు. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ‘మోఫ్ ఇంజినీర్’ పోస్టు ఉంటుందని మాత్రం ఆశపడొద్దు. జియోలైట్లు, యాక్టివేటెడ్ కార్బన్, ఉత్ప్రేరకాలతో పనిచేసే కంపెనీల్లో ఇదే పరిజ్ఞానం అక్కరకొస్తుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ వెతుక్కుంటున్నారా? జిఫ్-8 అనే మోఫ్‌ని గది ఉష్ణోగ్రతలో, నీళ్లలోనే చేయొచ్చు. జింక్ నైట్రేట్, 2-మిథైల్ ఇమిడజోల్ చాలు. గైడ్ పర్యవేక్షణలో చేసి, గుళికలుగా నొక్కి, నొక్కకముందు ఎంత ఉపరితలం ఉంది, తర్వాత ఎంత మిగిలింది అన్నది బీఈటీ పరీక్షలో చూడండి. ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడటానికి సరిపడా సరుకు అందులోనే దొరుకుతుంది.