గిటార్ ఆంప్‌కి ప్రాణం.. ఆ ఇనుప ముద్దలోనే!

ట్యూబ్ ఆంప్ అనగానే అందరూ ట్యూబుల గురించే మాట్లాడతారు. ఎర్రగా వెలుగుతూ కనిపిస్తాయి కదా మరి! పక్కనే బరువుగా కూర్చున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఆంప్ పదేళ్లు పాడాలా, పది నిమిషాల్లో మాడాలా అన్నది తేల్చేది అదే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారమంతా భీమడోలులో ఇంటి నుంచే కోడింగ్, శని ఆదివారాలు చేతిలో సోల్డరింగ్ ఐరన్. ‘ఈ ఊళ్లో గిటార్ ఆంప్ ఏంట్రా బాబూ’ అంటారు ఫ్రెండ్స్. ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచాన్ని మెప్పించిన యు.శ్రీనివాస్‌ది మన పాలకొల్లే. తీగలకి కరెంటు తగిలించడం గోదావరి వాళ్లకి కొత్తేం కాదు!

వాళ్ల కరెంటు వేరు, మన కరెంటు వేరు

నెట్‌లో దొరికే సర్క్యూట్లలో చాలావరకు అమెరికావి. అక్కడ 120 ఓల్టులు, 60 హెర్ట్జ్. మనకి 230 ఓల్టులు, 50 హెర్ట్జ్. ‘స్టెప్‌డౌన్ పెట్టేస్తే సరి’ అనుకుంటారు. ఓల్టేజీ తగ్గుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మారదు. 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 50 ఇస్తే కోర్‌లో అయస్కాంత శక్తి 20 శాతం పెరుగుతుంది. కోర్ తట్టుకోలేక బుయ్‌మంటుంది, వేడెక్కుతుంది. అందుకే లేబుల్ మీద ‘50/60’ అని ఉందో లేదో ముందు చూడాలి.

ముందు ఆంపులు, తర్వాత ఓల్టులు

ఏలూరులో ఒక వైండింగ్ షాపుకి వెళ్లాను. చెరువుల మోటార్లు చుట్టి చుట్టి చెయ్యి తిరిగిన బాబాయ్ ఆయన. నేను కాగితం తీయగానే, “ఓల్టులు తర్వాత చెబుదురుగానీ బాబూ, ముందు ఆంపులెన్నండీ?” అన్నారు. సగం పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఫెండర్ వాళ్ల చిన్న ‘చాంప్’ ఆంప్ తీసుకోండి. ఒక 6వీ6 ట్యూబ్ ఫిలమెంట్‌కి 0.45 ఆంపులు, ఒక 12ఏఎక్స్7కి 0.3. మొత్తం 0.75. అంటే 6.3 ఓల్టుల వైండింగ్ కనీసం ఒక ఆంపు ఇవ్వాలి. రెక్టిఫయర్ ట్యూబ్ 5వై3కి వేరుగా 5 ఓల్టులు, 2 ఆంపులు కావాలి. అదే రెండు ఈఎల్84లు, మూడు 12ఏఎక్స్7లు ఉన్న ఆంప్ అయితే 2.42 ఆంపులు. 3 ఆంపుల వైండింగ్ చెప్పుకోవాలి.

ఇప్పుడు హై ఓల్టేజీ. చాంప్‌కి 325-0-325. దాన్ని 1.414తో గుణిస్తే 459 ఓల్టులు. ట్యూబులు కరెంటు లాగడం మొదలుపెట్టాక ఇది బాగా దిగుతుంది. కానీ అవి వేడెక్కేలోపు కెపాసిటర్లు ఆ దెబ్బంతా కాస్తాయి. 450 ఓల్టుల కెపాసిటర్ పెట్టామా.. అంతే సంగతులు! 500 ఓల్టులది పెట్టాలి. 5వై3 తీసేసి సిలికాన్ డయోడ్లు పెడితే ఓల్టేజీ ఇంకా పెరుగుతుందని మరిచిపోవద్దు.

ఇంకో లెక్క ఉంది. సెంటర్ ట్యాప్ లేని వైండింగ్‌కి బ్రిడ్జ్ రెక్టిఫయర్ వాడితే, 100 మిల్లీ ఆంపుల వైండింగ్ నుంచి డీసీగా సుమారు 60 మాత్రమే తీసుకోవాలి.

మీటర్ పెట్టి చూడండి

చెరువుల ఏరియేటర్లు తిరిగేటప్పుడు ఇంటి కరెంటు ఒకలా, ఆగినప్పుడు ఇంకోలా ఉంటుంది. 220 ఓల్టులకి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 245 వస్తే, 6.3 కాస్తా 7 అవుతుంది. ట్యూబులకి పది శాతం, అంటే 6.93 దాకానే హద్దు. 230 లేదా 240కి చుట్టించుకుంటే ఆ గొడవ ఉండదు. రోజుకి మూడుసార్లు మల్టీమీటర్‌తో కొలిచి, ఆ తర్వాతే ఆర్డరివ్వండి.

పాత రేడియోతో జాగ్రత్త

తాతల నాటి వాల్వ్ రేడియో అటక మీద ఉంటే, దాన్ని ఆంప్‌గా మార్చాలని మనసు లాగుతుంది. కొన్ని రేడియోల్లో అసలు పవర్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఏసీ/డీసీ సెట్లు అంటారు వాటిని. ఇంటి కరెంటులో ఒక తీగ నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. గిటార్ తీగలు కూడా వైరు ద్వారా ఆ ఛాసిస్‌కే కలుస్తాయి. అంటే ప్లగ్ తిరగబడితే మీ వేళ్ల కింద ఉండేది 230 ఓల్టులు! ట్రాన్స్‌ఫార్మర్ చేసే అసలు పని ఇదే, మనిషికీ మెయిన్స్‌కీ మధ్య అడ్డుగోడ. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ గోడ ఉండదు. కాబట్టి ఆ రేడియోని ముట్టుకోకండి.

మన దగ్గర దొరికినవాటితోనే

‘ఒరిజినల్ పార్ట్ దొరకదే’ అని దిగులొద్దు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం ఫెండర్ ‘బాస్‌మన్’ సర్క్యూట్‌నే తీసుకుని, తమ దేశంలో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లతో జేటీఎం45 చేసింది. తర్వాత కేటీ66 ట్యూబులూ వచ్చి చేరాయి. ఫిలమెంట్‌కి 0.9 ఆంపులు తాగే 5881 చోట 1.3 ఆంపులు తాగేవి అవి. ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయగలిగింది కాబట్టే కుదిరింది. అలా పుట్టిన సౌండ్‌ని ఇవాళ ప్రపంచమంతా కాపీ కొడుతోంది.

మీరు మొదలుపెడితే మూడు తప్పనిసరి: ప్రైమరీకి ఫ్యూజు, ఛాసిస్‌కి ఎర్త్, కెపాసిటర్లని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్. స్విచ్ ఆపాక కూడా మీటర్‌లో సున్నా కనిపించేదాకా లోపల చెయ్యి పెట్టొద్దు. సౌండ్ సంగతి తర్వాత, ముందు మీరు క్షేమంగా ఉండాలి కదా!