పాత అంబాసిడర్ కొనబోతూ జేబులో ఒక అయస్కాంతం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు రాయ్‌పూర్‌లో రిజిస్టరైన కార్లకు మొదటి నంబరు మధ్యప్రదేశ్ కాలానిదే. అలాంటి నంబరు పలకతో, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో అమ్మకానికి వచ్చిందంటే కొనాలని మనసు పడేవారు చాలామందే ఉంటారు. అమ్మేవారు ‘అంతా ఒరిజినలే’ అంటారు. నిజంగా ఒరిజినలా, లేక తుప్పు మీద లప్పం పూసి రంగు కొట్టారా? దీన్ని పట్టుకోవడానికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలావరకు సరిపోతుంది.

ముందుగా కారు నిర్మాణం చూద్దాం. పాత జీపులో బరువంతా కింద ఉండే ఉక్కు చట్రం మోస్తుంది. పైనున్న బాడీ దానికి బిగించిన తొడుగు. అంబాసిడర్ అలా కాదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారంగా తయారైన ఈ బండికి విడిగా చట్రం లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువు మోస్తుంది. ఫియట్ 1100 వంశానికి చెందిన పద్మిని కూడా అంతే. అందుకే జీపు రేకుకు పట్టిన తుప్పు చర్మవ్యాధి లాంటిదైతే, అంబాసిడర్‌లో తలుపుల కింద ముందు నుంచి వెనక్కి సాగే బోలు ఉక్కు పెట్టెలకు పట్టిన తుప్పు ఎముకల జబ్బుతో సమానం. పైకి మెరిసే కారులో కూడా ఈ జబ్బు ఉండవచ్చు.

ఇనుము తుప్పుగా మారితే అంతకు కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద బుడగలు లేచేది ఇందుకే. బుడగ కనిపించిందంటే రేకు లోపలి వైపు నుంచి చాలాకాలంగా తినేస్తోందని అనుమానించాలి. చాలామంది ఆ బుడగను గీకి, రంధ్రాన్ని లప్పంతో పూడ్చి, పైన రంగు వేస్తారు. ఇక్కడి మెకానిక్కులు పుట్టీ అనేది దీన్నే. పాలిస్టర్ జిగురులో సున్నితమైన రాతిపొడి కలిపిన ముద్ద అది. అయస్కాంతానికి దానితో సంబంధం లేదు.

కొనబోయేవారి మొదటి పరికరం ఇక్కడే పనికొస్తుంది. కంపెనీ వేసిన రంగు మందం సాధారణంగా 100 మైక్రాన్ల చుట్టుపక్కల, అంటే మి.మీ.లో పదో వంతు ఉంటుంది. లప్పం పొర రెండు, మూడు మి.మీ. ఉండటం మామూలే. అయస్కాంతానికీ ఉక్కుకూ మధ్య దూరం పెరిగే కొద్దీ ఆకర్షణ చాలా వేగంగా పడిపోతుంది. ఫ్రిజ్ తలుపుకు అంటించే బలహీనమైన అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల అడుగు, చక్రాల పైవంపు, డిక్కీ అంచుల మీద ఆన్చి చూడండి. బాగున్న రేకును పట్టుకుంటుంది, లప్పం మీద జారిపోతుంది. మరీ బలమైన అయస్కాంతం తీసుకెళ్తే లప్పం మీద కూడా పట్టుకుని మోసం చేస్తుంది.

చెవి కూడా పరికరమే. వేలి కణుపుతో తడితే వట్టి రేకు ఖంగుమంటుంది. లప్పం పూసిన చోట శబ్దం మొద్దుబారి వెంటనే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పొర రేకుకు బరువు చేర్చి కంపనాలను మింగేస్తుంది. కుడి తలుపు, ఎడమ తలుపు ఒకే ఎత్తులో తట్టి పోల్చుకోవాలి.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే రంగు మందం కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. దాని కొనలో తీగచుట్ట ఉంటుంది. ఉక్కు దగ్గరైతే అయస్కాంత ప్రవాహం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఆ తేడానే మీటరు మైక్రాన్లలో చూపిస్తుంది. ఇందులో ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకూడదు. నలభై, యాభై చోట్ల కొలిచి, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి. చేయి పడని కారులో అవి దగ్గరదగ్గరగా ఉంటాయి, పాలిష్ ఎక్కువగా తగిలిన అంచుల్లో కాస్త తగ్గుతాయి. ఒక తలుపు మాత్రం 400 చూపిస్తే దానికి మళ్లీ రంగు వేశారు. 2,000 దాటితే అడుగున లప్పం ఉంది.

వీటన్నిటినీ దాటిపోయే మోసం ఒకటుంది. తుప్పు పట్టిన చోట కొత్త రేకు ముక్క అతికిస్తే అయస్కాంతం పట్టుకుంటుంది, మీటరూ అనుమానించదు. దీనికి కారు కిందికి దూరి చూడటం తప్ప మార్గం లేదు. ఫ్యాక్టరీలో రేకులను విద్యుత్ ప్రవాహంతో చుక్కలు చుక్కలుగా, సమాన దూరాల్లో అతికిస్తారు. వరుసగా గుండ్రని గుంటలు కనిపిస్తే అవి పుట్టుకతో వచ్చినవి. గ్యాస్ వెల్డింగ్ గీత గరుకుగా, వంకరగా ఉంటుంది.

కారు వయసు కన్నా అది ఎక్కడ బతికిందన్నది ముఖ్యం. విశాఖపట్నం, ముంబయి లాంటి తీరంలో గాలిలోని ఉప్పు తుప్పును ఎగదోస్తుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయ్‌పూర్‌కు ఆ బాధ లేదు. అలాగని నిశ్చింతగా ఉండనక్కర్లేదు. ఇక్కడ ఏడాదికి సుమారు 1,200 మి.మీ. వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. పైగా ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ కర్మాగారాలున్నాయి. బొగ్గు మండితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. 1930లలో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త వెర్నన్ చేసిన ప్రయోగాల్లో, గాలిలో ఈ వాయువు కొద్దిగా ఉన్నా చాలు, తేమ 60 శాతం దాటగానే ఇనుము వేగంగా తుప్పు పట్టడం మొదలుపెట్టింది. రాయ్‌పూర్ వానాకాలంలో తేమ అంతకన్నా ఎక్కువే. అందుకే కారు ఇన్నాళ్లూ ఏ పేటలో, ఎలాంటి కప్పు కింద ఉందో అడగాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఒరిజినల్ అన్న మాటకు ఇప్పుడు చట్టపరమైన బరువు కూడా వచ్చింది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. చట్రం, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిరగడానికి, వ్యాపారానికి ఆ కారు వాడకూడదు. డీజిల్ ఇంజన్ బిగించి, వెనక భాగం కోసి మార్చిన అంబాసిడర్ ఎంత బాగా నడిచినా ఈ గుర్తింపుకు పోటీ పడలేదు. వెలిసిపోయిన రంగుతో, చిరిగిన సీట్లతో ఉన్న కారే నయం. సీటు కుట్టించవచ్చు. అసలు రంగును ఒకసారి గీకేస్తే మళ్లీ తేలేం.

చాసిస్ నంబరును ఆర్‌సీతో అంకె అంకె సరిచూడాలి. ఆ చోట గరుకుగా, కొత్తగా రంగు వేసినట్టుంటే వెనక్కి తగ్గండి. నంబరు కొట్టేటప్పుడు దెబ్బ ప్రభావం కనిపించే గాడి కన్నా లోతుకు వెళ్లి, అక్కడి ఉక్కు స్ఫటికాల అమరికను చెదరగొడుతుంది. పైపైన అరగదీసినా ఆ చెదిరిన భాగం మిగులుతుంది. ఫోరెన్సిక్ నిపుణులు కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూస్తే ఆ భాగం మిగతా ఉక్కుకు భిన్నంగా కరిగి, పాత అంకెలు మళ్లీ తేలుతాయి. దొంగ బండి అని అలా తేలితే నష్టపోయేది కొన్నవారే.

ఇక ఇంధనం. దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. పాత ఇంజన్లలో ఆ సీసమే వాల్వుల సీట్లపై పొరగా ఏర్పడి అరుగుదలను ఆపేది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. కాబట్టి బేరమాడేటప్పుడే గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు, పెట్రోలు పంపు డయాఫ్రం మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. వీలైతే కారును జులైలో, పెద్ద వాన పడిన మర్నాడు చూడటానికి వెళ్లండి. కాళ్ల కింది రబ్బరు మ్యాట్లు ఎత్తి చేయి పెడితే తడి తెలిసిపోతుంది.