స్థూలకాయమునకు శస్త్రచికిత్స – తదనంతర సంరక్షణ

స్థూలకాయమునకు శస్త్రచికిత్స కలదని చెప్పగానే మన పల్లెలలో రెండు మాటలు వినవచ్చును. నోరు కట్టుకొనలేక పొట్ట కోయించుకొనుట యేమి వింత యని కొందరందురు. డబ్బు పారవేసినచో ఒక్క దినములో సన్నబడి రావచ్చునని మరికొందరందురు. వైద్యుడనై ఇట్టి రోగులను చూచుచున్న నాకు ఈ రెండు మాటలును సరియైనవిగా తోచవు. కత్తి పట్టినవాని పని కొన్ని గంటలలో ముగియును. మిగిలిన పనిలో పెద్దపాలు ఇంటివారిది. అందుచేతనే ఇంటికి పెద్దలైన మీతో దీనిని ముచ్చటింప దలచితిని.

ఇది నిన్న మొన్న పుట్టిన వైద్యము కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమునందలి ఎడ్వర్డు మేసన్ అను శస్త్రవైద్యుడు, కడుపులోని పుండ్లకై జీర్ణాశయమున కొంత భాగము తీసివేయించుకొన్న రోగులు చిక్కిపోవుటయు, మరల లావెక్కకుండుటయు గమనించెను. ఆ గుణమునే స్థూలకాయులకు వినియోగింప నెంచి, చికాషీ ఇటో అను తోటివైద్యునితో కలసి 1967లో బైపాసు పద్ధతిని ప్రకటించెను. నేటి బైపాసులో జీర్ణాశయపు పైకొనను రెండు పెద్ద చెంచాల ద్రవము పట్టునంత సంచిగా వేరుచేసి, దానిని చిన్నప్రేగునకు నేరుగా అతుకుదురు. స్లీవు అను రెండవ పద్ధతిలో జీర్ణాశయమున ఇంచుమించు నాల్గింట మూడు పాళ్లు తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మాత్రము మిగుల్తురు. ఇప్పుడు సాధారణముగా పొట్టను నిలువునా చీల్చరు. చిన్న రంధ్రములగుండా కెమెరాను, పనిముట్లను పంపి చేయుదురు.

సంచి చిన్నదగుటచే మాత్రమే తిండి తగ్గునని యెంచరాదు. ఆకలి మన యిచ్ఛకు పూర్తిగా లోబడినది కాదు. 1999లో జపానుదేశపు శాస్త్రజ్ఞులైన కొజిమా, కంగావా అనువారు జీర్ణాశయమున పుట్టు గ్రెలిన్ అను హార్మోనును కనుగొనిరి. అది మెదడునకు ఆకలిని తెలుపును. పస్తులుండి బరువు తగ్గినవానికి ఇది హెచ్చును. అందుచేత వాడెంత నిగ్రహించుకొన్నను, పోయిన బరువు తరచుగా తిరిగి వచ్చును. స్లీవులో గ్రెలిన్ విశేషముగా పుట్టు భాగమే తొలగిపోవును. బైపాసులో ప్రేగులనుండి వచ్చు సంకేతములు మారి తృప్తి త్వరగా కలుగును. చాలమందికి బరువు బాగుగా తగ్గకమునుపే మధుమేహము అదుపులోనికి వచ్చును. ఆ దినములలో పాత మోతాదునే మందు వాడినచో చక్కెర మరీ పడిపోవును గనుక, వైద్యునిచేత మోతాదును సరిచేయించుకొనవలయును.

ఇది ఎవరికి తగును? కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుచే రెండుమారులు భాగింపగా వచ్చు సంఖ్య వైద్యులకు ప్రమాణము. 1991లో అమెరికాలో ఇది 40, మధుమేహాది వ్యాధులున్నచో 35, ఉండవలెనని నిర్ణయించిరి. 2022లో శస్త్రవైద్య సంఘములు దానిని 35కు దించి, ఆసియావాసులకు 27.5 మొదలు ఆలోచింపవచ్చుననిరి. మనవారికి తక్కువ బరువునకే పొట్టలోపల క్రొవ్వు చేరి మధుమేహము వచ్చుట దీనికి హేతువు. ఐదడుగుల మూడంగుళముల మనిషికిది 70 కిలోలు. నా మట్టుకు నేను, మధుమేహము వంటి వ్యాధి లేనివానిని ఆ బరువునకే కత్తి దగ్గరకు తొందరపెట్టను.

స్వీడనుదేశమున 1987లో ఆరంభించిన పరిశోధనలో, శస్త్రచికిత్స పొందిన 2,010 మందిని, పొందని 2,037 మంది స్థూలకాయులను సరాసరి పదునొకండేండ్లు గమనించిరి. మొదటివారిలో 101 మంది, రెండవవారిలో 129 మంది చనిపోయిరని 2007లో ప్రకటించిరి. అపాయము లేకపోలేదు. అమెరికాలో 4,776 మందిని గూర్చి 2009లో ప్రకటించిన లెక్కలో, ముప్పది దినములలోపల వెయ్యింటికి ముగ్గురు మరణించిరి. కుట్టు వద్ద కారుట, కాళ్లలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుట ముఖ్యమైన భయములు. కావుననే రోగిని ఆనాడే లేపి నడిపింతురు. పచ్చిపుండని మంచము దిగనీయని పెద్దలు మేలనుకొని కీడు చేయుదురు. ఇంటికి వచ్చిన పిదప జ్వరము, గుండెదడ, ఆయాసము, తగ్గని కడుపునొప్పి కనిపించినచో తెల్లవారనిమ్మని ఆగరాదు.

ఇక తిండి. మొదటి రెండు వారములు పలుచని మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు వంటి ద్రవములే. పిదప మెదిపినవి, ఆ పిదప మెత్తనివి; ఆరు నుండి ఎనిమిది వారములకు గాని మామూలు భోజనము కూడదు. భోజనముతో నీరు త్రాగరాదు. అరగంట ఆగి కొంచెము కొంచెముగా త్రాగవలయును. దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులైనను అందవలయును గనుక పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప ముందు తిని, అన్నము చివర తినవలయును. మన విస్తరికిది తలక్రిందు.

అన్నిటికంటె పెద్ద చిక్కు మన మర్యాద. "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" అని కొసరి వడ్డించుట మనకు ప్రేమ. చిన్న సంచిలో ఆ ముద్ద వాంతి యగును. వాంతులు సాగినచో థయామిన్ అను విటమిను లోపించి మెదడునకు, నరములకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. నేనెరిగిన యొక గృహిణి ఈ ఒట్లకు జడిసి ఆరునెలలు చుట్టముల యిండ్లకు పోవుటయే మానుకొనెను. మూడవ నెల మొదలు జుట్టు రాలుట కలదు. అది తరచుగా మరల వచ్చును. దానిని చూచి, ఎందుకు చేయించుకొంటివని దెప్పిపొడువరాదు. కోడలికి శస్త్రచికిత్స జరిగినచో, ఏడాది, ఏడాదిన్నర వరకు మనుమని కొరకు తొందరపెట్టకుడు. అంతలో గర్భము తల్లికి, బిడ్డకు మంచిది కాదు.

బి12, ఇనుము, కాల్షియము, డి విటమినులను జీవితాంతము వాడవలయును. ఏటేట రక్తపరీక్ష చేయించవలయును. బైపాసు అయినవారికి కల్లు, సారాయి వెంటనే తలకెక్కును. వ్యసనముగా మారు భయమును హెచ్చు. మోకాళ్ల నొప్పులకని అంగడిలో కొను డైక్లొఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి బిళ్లలు అతుకు వద్ద పుండు చేయును. కొన్నియేండ్లకు బరువు కొంత తిరిగి వచ్చినచో దాచుకొనక మరల ఆసుపత్రికే పోవలయును. ఏ జబ్బునకై ఏ వైద్యుని వద్దకు పోయినను, ఏ శస్త్రచికిత్స ఎన్నడు జరిగినదో వ్రాసిన చీటిని ముందుగా చూపవలయును.